జబ్బు ముదిరాకే మందు: లాటినోలకు మెడికెయిడ్ చెబుతున్న మాట

అమెరికాలో పేదలకు ప్రభుత్వం ఇచ్చే బీమా మెడికెయిడ్. కాలిఫోర్నియాలో దాని పేరు మెడి-కాల్. బరువు తగ్గడానికి వాడే వెగోవీ, జెప్‌బౌండ్ లాంటి ఇంజెక్షన్లకు 2026 జనవరి 1 నుంచి అది డబ్బు కట్టడం ఆపేసింది. షుగర్ ఉన్నవాళ్లకు ఆపలేదు, గుండెజబ్బు ఉన్నవాళ్లకూ ఆపలేదు. ఊబకాయం ఒక్కటే ఉన్నవాళ్లకు ఆపింది. అంటే నలభై ఏళ్లకే నూట పది కిలోలున్న మనిషికి బీపీ మొదలైనా, మోకాళ్లు అరిగినా, షుగర్ గడప దాకా వచ్చినా మందు లేదు. గడప దాటితే ఉంది.

కాగితం మీద ఈ నియమం అందరికీ ఒకటే. కానీ మెడి-కాల్‌లో ఉన్నవాళ్లలో దాదాపు సగం మంది లాటినోలు, అంటే మెక్సికో, మధ్య, దక్షిణ అమెరికా దేశాల మూలాలవాళ్లు. ఊబకాయం, టైప్ 2 షుగర్, కొవ్వు పట్టిన కాలేయం అమెరికాలో ఎక్కువగా చూస్తున్న సమాజాల్లో వాళ్లది ఒకటి. ముందు జబ్బు రానివ్వండి, తర్వాత చూద్దాం అనే నియమం ఎవరి మీద పడుతుందో ఇక వేరే చెప్పాలా?

నేను కాలిఫోర్నియా నడిమధ్య పొలాల ప్రాంతమైన సెంట్రల్ వ్యాలీలో ఫార్మసిస్టుగా పనిచేస్తాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ద్రాక్షతోటల్లో, ప్యాకింగ్ షెడ్లలో, డెయిరీల్లో పనిచేసే మెక్సికన్ కుటుంబాలవాళ్లే. ఈ నియమం తప్పని నా గట్టి నమ్మకం. ఖర్చు భరించలేం అన్న కారణం నిజమైనదే, కానీ దాన్ని రోగుల మీద నెట్టడం ఎలా న్యాయమో నాకు అర్థం కాదు.

కౌంటర్ వెనక నుంచి చూస్తే జరిగేది ఇది. డాక్టర్ పంపిన ప్రిస్క్రిప్షన్ కంప్యూటర్లోకి వస్తుంది, మేం బీమాకు బిల్లు పెడతాం, క్షణాల్లో రిజెక్ట్ అని తిరిగొస్తుంది. జనవరిలో రోజూ ఇదే తంతు. అప్పటిదాకా నెలల తరబడి ఆ ఇంజెక్షన్ తీసుకుంటూ, బరువు తగ్గి, బీపీ మాత్ర మోతాదు కూడా తగ్గించుకున్నవాళ్లకూ ఇదే జవాబు. ఒకరోజు ప్యాకింగ్ షెడ్‌లో పనిచేసే ఒకామె వచ్చింది. ఆమెకు ఇంగ్లీషు రాదు, నాకు స్పానిష్ అంతంత మాత్రం. హైస్కూల్ చదివే కూతురు మధ్యలో నిలబడి అటూ ఇటూ చెబుతోంది. తల్లికి ఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్, 6.3 ఉంది. షుగర్ వ్యాధి అని రాయాలంటే 6.5 ఉండాలి. బీమా ఎందుకు కట్టడం లేదో నేను వివరించాక ఆ పిల్ల తల్లి మాట విని, కాసేపు ఆగి, "6.5 వస్తే ఇస్తారా అని అడుగుతోంది" అంది.

ఇస్తారు. ఆ మాటే చెప్పాల్సి వచ్చింది. షుగర్ అని తేలితే ఇదే మందు ఒజెంపిక్ పేరుతో వస్తుంది. వెగోవీ, ఒజెంపిక్ రెండింట్లోనూ లోపల ఉండేది సెమాగ్లూటైడ్ అనే మందే.

ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. నియమాన్ని సరిగ్గా అర్థం చేసుకుని అడిగింది. షుగర్ రాకముందే బరువు తగ్గిస్తే ఎంత మేలో 2002లో వచ్చిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాలు చూపించాయి. తిండి, వ్యాయామంతో శరీర బరువులో 7 శాతం తగ్గడమే లక్ష్యంగా పెట్టిన బృందంలో షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. వైద్యానికి ఎక్కువ ఫలితం దక్కే కాలం అదే, ఏ1సీ 5.7కూ 6.4కూ మధ్య ఉన్న కాలం. మా రాష్ట్రం సరిగ్గా ఆ కాలంలోనే చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఈ తిరకాసు నిన్న మొన్నటిది కాదు. 1990లో మెడికెయిడ్ మందుల చట్టం రాసినప్పుడు, రాష్ట్రాలు వద్దనుకుంటే వదిలేయగల మందులంటూ ఒక జాబితా పెట్టారు. జుట్టు పెరగడానికి వాడేవి, అందం కోసం వాడేవి, దగ్గు జలుబు మందులు, వాటి పక్కనే బరువు తగ్గించే మందులు. 2003లో, ప్రధానంగా వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే బీమా అయిన మెడికేర్‌కు మందుల బీమా తెచ్చినప్పుడు ఆ జాబితాను దాదాపుగా అలాగే తెచ్చి పెట్టారు. ఆ రోజుల్లో అనుమానానికి కారణం లేకపోలేదు. బరువు తగ్గడానికి వాడిన ఫెన్-ఫెన్ అనే మందుల జోడీలోని ఫెన్‌ఫ్లురమిన్ గుండె కవాటాలను పాడుచేస్తోందని 1997లో మార్కెట్ నుంచి తీసేశారు. కానీ ఆ తర్వాత చాలా మారింది. 2013లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఊబకాయాన్ని వ్యాధిగా గుర్తించింది. 2023లో సెలెక్ట్ అనే పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. అందులో 17,604 మంది ఉన్నారు. అందరికీ అప్పటికే గుండె లేదా రక్తనాళాల జబ్బు ఉంది, ఎవరికీ షుగర్ లేదు. సెమాగ్లూటైడ్ తీసుకున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బుతో మరణం కలిపి 20 శాతం తగ్గాయి. ఇది అందం మందు కాదని ఇంతకన్నా గట్టిగా ఏం రుజువు కావాలి? అయినా 1990 నాటి వాక్యం చట్టంలో అలాగే కూర్చుంది.

మెడికేర్ సంగతి ఇంకా విచిత్రం. ఊబకాయానికి చేసే పొట్ట ఆపరేషన్‌కు 2006 నుంచి డబ్బు కడుతోంది. 2011 నుంచి కౌన్సెలింగ్‌కూ కడుతోంది. ఈ రెండింటికీ మధ్యలో ఉండే మందుకే అడ్డు. ఆ అడ్డు తీసేయాలని ట్రీట్ అండ్ రెడ్యూస్ ఒబేసిటీ యాక్ట్ పేరుతో పదేళ్లకు పైగా కాంగ్రెస్‌లో బిల్లు పెడుతూనే ఉన్నారు, అది గట్టెక్కలేదు. 2024 నవంబరులో బైడెన్ ప్రభుత్వం చట్టానికి కొత్త అర్థం చెప్పి మెడికేర్, మెడికెయిడ్ రెండూ ఈ మందులు ఇవ్వాలని ప్రతిపాదించింది. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది. మళ్లీ అదే ఏడాది నవంబరులో కంపెనీలతో ఒప్పందం కుదిరిందని, మెడికేర్‌కు నెలకు 245 డాలర్లకు మందు వస్తుందని, రోగి 50 డాలర్లు కడితే చాలని ప్రకటించింది.

ఆ ప్రకటన మంచిదే, నాకు సంతోషంగానే అనిపించింది. కానీ పేపర్లు దాన్ని సమస్య తీరిపోయినట్టు రాశాయి, అక్కడే నాకు అభ్యంతరం. మెడికేర్ ప్రధానంగా 65 దాటినవాళ్లది. అమెరికా జనాభా మొత్తం మధ్యస్థ వయసు 39 దగ్గర ఉంటే, లాటినోలది 30 దాటి ఏడాది అటూ ఇటూ. వాళ్లు మెడికేర్ వయసు సమాజం కాదు, మెడికెయిడ్ వయసు సమాజం. దేశం మొత్తం మీద మెడికెయిడ్‌లో ఉన్నవాళ్లలో సుమారు 30 శాతం లాటినోలే. వాషింగ్టన్‌లో చర్చంతా మెడికేర్ చుట్టూ తిరుగుతుంటే, అదే సమయంలో మెడికెయిడ్ వైపు తలుపులు మూసుకున్నాయి. కాలిఫోర్నియా ఒక్కటే కాదు, పెన్సిల్వేనియా, న్యూ హాంప్‌షైర్, సౌత్ కరోలినా కూడా 2026 జనవరిలోనే ఆపేశాయి. ముప్పై అయిదేళ్లకు ఊబకాయం, నలభై అయిదుకు షుగర్, అరవైకి డయాలసిస్ అనే వరసలో నడుస్తున్న మనిషికి 65 తర్వాత వచ్చే రాయితీ ఏం చేస్తుంది?

ఈ వరస నా ఊహ కాదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2017 నుంచి 2020 మార్చి వరకు చేసిన సర్వే ప్రకారం లాటినో పెద్దల్లో 45.6 శాతం మందికి ఊబకాయం ఉంది. శ్వేతజాతీయుల్లో 41.4. నల్లజాతీయుల్లో ఇంకా ఎక్కువ, 49.9. పెద్దల లెక్కలో తేడా కొంచెమే కదా అనిపించవచ్చు, పిల్లల లెక్క చూడండి. 2 నుంచి 19 ఏళ్ల లాటినో పిల్లల్లో 26.2 శాతం, శ్వేతజాతి పిల్లల్లో 16.6. నాకు ఎక్కువ దిగులు పుట్టించే అంకె ఇదే. జీవితకాలంలో టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం అమెరికన్ పెద్దలకు మొత్తంగా 40 శాతమైతే, లాటినోలకు 50 దాటుతుందని సీడీసీయే చెబుతోంది. ఆపైన కాలేయం. పీఎన్‌పీఎల్ఏ3 అనే జన్యువులో ఒక మార్పు కాలేయంలో కొవ్వు పేరుకునేలా చేస్తుందని, అది లాటినోల్లో ఎక్కువగా ఉందని 2008లో డల్లాస్ పరిశోధకులు కనిపెట్టారు. బరువు పెరిగితే కాలేయానికి మరింత చేటు. 2025 ఆగస్టులో వెగోవీకి కాలేయ జబ్బు చికిత్సకూ అనుమతి వచ్చింది. మళ్లీ అక్కడా అంతే, కాలేయం మచ్చలు పడేదాకా వెళ్లినవాళ్లకే.

జన్యువుల గురించి చెప్పి ఆపేస్తే అన్యాయం చేసినట్టవుతుంది. ఈ వ్యాలీలో దేశానికి కావలసిన కూరగాయలు, పండ్లు పండుతాయి. వాటిని కోసేవాళ్లుండే ఊళ్లలో కొన్నిచోట్ల ఇప్పటికీ కుళాయి నీళ్లు తాగడానికి పనికిరావు, ఎరువుల నైట్రేట్ బావుల్లోకి దిగిపోయింది. నీళ్లు కొనుక్కోవాల్సిన చోట సోడా చవగ్గా కనిపిస్తుంది. తెల్లవారకముందే పొలానికి వెళ్లి, ఎండలో వంగి పనిచేసి వచ్చిన మనిషిని పార్కులో నడవమని చెప్పడానికి నాకు నోరు రాదు. పైగా బెర్క్‌లీ నగరం 2014లో సోడా మీద పన్ను వేసి దారి చూపించాక, శీతల పానీయాల కంపెనీల ఒత్తిడికి లొంగి, 2031 దాకా ఏ ఊరూ కొత్తగా అలాంటి పన్ను వేయకూడదని 2018లో చట్టం చేసింది ఈ రాష్ట్రమే. నివారణ మార్గాన్ని అప్పుడు మూసింది, చికిత్స మార్గాన్ని ఇప్పుడు మూసింది.

టెక్సాస్ దక్షిణ కొసన, రియో గ్రాండే వ్యాలీలో పరిస్థితి దీనికన్నా అన్యాయం. అక్కడి స్టార్ కౌంటీలో దాదాపు అందరూ మెక్సికన్ మూలాలవాళ్లే. అక్కడ షుగర్ ఎంత ఎక్కువంటే 1981 నుంచి పరిశోధకులు ఆ కౌంటీ కుటుంబాలను అధ్యయనం చేస్తున్నారు. పరిశోధనకు పనికొచ్చిన ఆ కుటుంబాల్లోని పెద్దలకు బీమా మాత్రం అందలేదు. టెక్సాస్ మెడికెయిడ్‌ను పేద పెద్దలందరికీ విస్తరించలేదు. పిల్లలు లేని 65 లోపువాళ్లు, గర్భం గానీ వైకల్యం గానీ లేకపోతే, ఎంత పేదవాళ్లయినా అందులో చేరలేరు. ఏ మందు ఇస్తారన్న ప్రశ్న దాకా రాకుండానే అక్కడ కథ ముగుస్తుంది.

ఇక మనవాళ్ల గురించి. ఈ విషయం మాట్లాడితే తెలుగు స్నేహితుల్లో కొందరు అనే మాట నాకు తెలుసు: "మనం కట్టే టాక్సులతో వాళ్లకి వెయ్యి డాలర్ల ఇంజెక్షన్ ఎందుకు? తిండి తగ్గించుకోవచ్చుగా?" మొదటిదానికి జవాబు, పొలాల్లో పనిచేసేవాళ్లూ టాక్సులు కడతారు. కాగితాలు లేనివాళ్ల జీతాల్లోంచి కూడా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు కోస్తారు, ఆ ప్రయోజనాలు వాళ్లకు ఎప్పటికీ రావు. రెండోదానికి, మన ఇళ్లల్లోకి చూసుకుంటే చాలు. షుగర్ లేని తెలుగు ఇల్లు ఎన్ని ఉన్నాయి? మనకైతే పెద్దగా లావు లేకుండానే వస్తుంది. అందుకే ఆసియా మూలాలవాళ్లకు బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, 23 దగ్గరే షుగర్ పరీక్ష చేయాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి చెబుతోంది. మన నాన్నకు వస్తే వంశపారంపర్యం, పక్కింటి మెక్సికన్ ఆయనకు వస్తే తిండిపోతుతనం అనడం న్యాయం కాదు.

ఇంకొకటి కూడా ఉంది. గ్రీన్ కార్డు వచ్చినా అయిదేళ్ల దాకా ఫెడరల్ మెడికెయిడ్‌లో చేరకూడదని 1996లో పెట్టిన నియమం గ్వాతెమాలా నుంచి వచ్చినవాళ్లకు ఎంతో గుంటూరు నుంచి వచ్చిన మన అమ్మానాన్నలకూ అంతే. ఆ అయిదేళ్లూ కాలిఫోర్నియా తన సొంత డబ్బుతో మెడి-కాల్ ఇస్తుంది కాబట్టే, నాకు తెలిసిన కొన్ని తెలుగు కుటుంబాల్లో పెద్దవాళ్లు నిశ్చింతగా ఉన్నారు. రాష్ట్రం ఖర్చు తగ్గించుకోవడం మొదలుపెట్టి ముందు వలసవచ్చినవాళ్ల బీమా మీద చెయ్యి వేస్తే, అది మనింటి దాకా రాదని అనుకోకండి.

ఖర్చు విషయానికి వస్తాను. దాన్ని తేలిగ్గా తీసుకోను. మెడికేర్ ఈ మందులు ఇస్తే 2026 నుంచి 2034 దాకా సుమారు 3,500 కోట్ల డాలర్లు అదనంగా ఖర్చవుతుందని, ఆరోగ్యం బాగుపడి మిగిలేది ఆ కాలంలో అందుకు చాలా తక్కువని కాంగ్రెషనల్ బడ్జెట్ ఆఫీసు 2024 అక్టోబరులో లెక్కగట్టింది. మందుకు పెట్టిన ఖర్చు దానంతటదే తిరిగొస్తుందని వాదించేవాళ్లతో నేను ఏకీభవించను. పదేళ్లలో రాదు. కానీ కాన్సర్ మందును గానీ, డయాలసిస్‌ను గానీ డబ్బు తిరిగిస్తుందా అని ఎవరూ అడగరు కదా. లావుగా ఉన్న మనిషి మాత్రమే తన చికిత్స లాభసాటి అని ముందుగా రుజువు చేసుకోవాలా?

అసలు గొడవ ధరతో. వెగోవీ ప్రకటిత ధర నెలకు 1,349 డాలర్లు ఉండేది. అదే కంపెనీ మెడికేర్‌కు 245కు ఇస్తానని ఒప్పుకుంది. సెమాగ్లూటైడ్‌కు 2027 నుంచి మెడికేర్ బేరమాడి కుదుర్చుకున్న ధర 274. అంటే అంత ఖరీదు తప్పనిసరి ఏమీ కాదు. భారతదేశంలో ఈ మందు పేటెంటు గడువు 2026 మార్చి దాకానే. హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ లాంటి కంపెనీలు చవక రకాలు తేవడానికి సిద్ధమయ్యాయి. అమెరికాలో పేటెంట్లు ఇంకొన్నేళ్లు ఉంటాయి కాబట్టి ఆ సరుకు ఇక్కడికి రాదు. అయినా కాలిఫోర్నియా ఏమీ చేయలేనిది కాదు. కాల్ఆర్ఎక్స్ పేరుతో సొంతంగా ఇన్సులిన్ పెన్నులు అయిదు 55 డాలర్లకు అమ్మించడం మొదలుపెట్టిన రాష్ట్రం ఇది. ధర తగ్గించమని కంపెనీల మెడ మీద కూర్చోవాల్సినప్పుడు ప్యాకింగ్ షెడ్ మనిషి చేతిలోంచి ఇంజెక్షన్ లాక్కోవడం సులువైన దారి, అంతే.

జీవితాంతం వాడాలటగా, ఎక్కడికని ఇస్తాం అని ఇంకొక మాట. నిజమే, మానేస్తే బరువు తిరిగొస్తుంది. స్టెప్ 1 పరిశోధనలో మందు ఆపిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండొంతులు మళ్లీ వచ్చేసింది. బీపీ మాత్ర ఆపినా బీపీ తిరిగొస్తుంది, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. పైగా ఈ అంకె రాష్ట్రం చేసిన పనికే వ్యతిరేకంగా నిలబడుతుంది. ఇన్నాళ్లూ డబ్బు పెట్టి తగ్గించిన బరువు, జనవరిలో ఆపేసినందువల్ల చాలామందికి 2026 చివరికల్లా చాలావరకు తిరిగొస్తుంది. పెట్టిన డబ్బూ పోయింది, ఆరోగ్యమూ పోయింది.

బీమా ఇస్తే అన్నీ చక్కబడతాయని కూడా నేను అనడం లేదు. మెడి-కాల్ మందు ఇచ్చిన రోజుల్లో కూడా ప్రయర్ ఆథరైజేషన్, అంటే బీమా ముందస్తు అనుమతి, కాగితాల దగ్గరే ఎంతోమంది ఆగిపోయేవారు. ఫారం నింపేంత తీరిక, సిబ్బంది ఉన్న క్లినిక్‌లో రోగికి మందు వచ్చేది, లేనిచోట రాదు. వాంతులు వస్తే ఏం చేయాలో, డోసు ఎప్పుడు పెంచాలో తల్లికి పదిహేనేళ్ల పిల్ల చెప్పాల్సి రావడం ఆ పిల్లకూ మంచిది కాదు. మన ఆశా కార్యకర్తల్లా ఇల్లిల్లూ తిరిగి స్పానిష్‌లో మాట్లాడే ప్రొమోటోరాలు ఇక్కడ ఉన్నారు, వాళ్లకు సరైన జీతమిచ్చి ఈ పనిలో పెడితే సగం సమస్య తీరుతుంది. మరో సంగతి, సెలెక్ట్ పరిశోధనలో 84 శాతం మంది శ్వేతజాతీయులే. లాటినోలను ఎక్కువగా చేర్చుకుని పరిశోధనలు చేయాల్సిన బాధ్యత కంపెనీలది, ప్రభుత్వానిది. అది సాకుగా చూపి అప్పటిదాకా మందు ఆపడం మాత్రం కుదరదు.

భయం కూడా ఉంది. 2025 జూన్‌లో కాలిఫోర్నియాతో సహా కొన్ని రాష్ట్రాల మెడికెయిడ్ సభ్యుల వివరాలను ఫెడరల్ ప్రభుత్వం వలస చట్టాలు అమలుచేసే హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖకు అందించింది. ఆ తర్వాత మందులు తీసుకెళ్లడానికి తాము రాకుండా పిల్లల్ని, పక్కింటివాళ్లని పంపేవాళ్లను నేను చూస్తున్నాను. ఆ టెన్షన్‌లో బరువు చూపించుకోవడానికి క్లినిక్‌కు ఎవరు వెళతారు?

నా కోరికలు పెద్దవేం కావు. 2025 డిసెంబరులో ఫెడరల్ ప్రభుత్వం బ్యాలెన్స్ అనే కొత్త పథకం ప్రకటించింది. కంపెనీలతో ప్రభుత్వమే ధర మాట్లాడుతుంది, ఇష్టమైన రాష్ట్రాల మెడికెయిడ్‌లు 2026 మే నుంచి అందులో చేరవచ్చు. కాలిఫోర్నియా అందులో చేరాలి. అందరికీ ఒకేసారి ఇవ్వలేకపోతే బీఎంఐ 35 దాటి, ఏ1సీ 5.7కూ 6.4కూ మధ్య ఉన్నవాళ్లతో మొదలుపెట్టాలి. ఇప్పటికే వాడుతూ ఆగిపోయినవాళ్లకు మళ్లీ మొదటి నుంచి కాగితాలు అడగకుండా ఇవ్వాలి. గవర్నర్ సవరించిన బడ్జెట్ ఏటా మే మధ్యలో వస్తుంది, జూన్ 15 లోగా శాసనసభ దాన్ని ఆమోదించాలి. ఈ మధ్యలో రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలో జరిగే ఆరోగ్య బడ్జెట్ సబ్‌కమిటీ విచారణల్లో ఎవరైనా వెళ్లి మాట్లాడవచ్చు, రాతపూర్వకంగానూ పంపవచ్చు. నేను వెళుతున్నాను. ఫ్రీమాంట్‌లోనో శాన్ రామోన్‌లోనో ఉండి ఇది చదువుతున్నవాళ్లు మీ అసెంబ్లీ సభ్యుడి ఆఫీసుకు ఒక ఉత్తరం రాయండి. అక్కడ మన ఓట్లు తక్కువేం కాదు. మన గొంతు వినిపించినప్పుడు అది మన వీసాల గురించి మాత్రమే కాకుండా, మనకు కూరగాయలు కోసి పంపేవాళ్ల మందుల గురించి కూడా అయితే, ఆ సబ్‌కమిటీలో కూర్చున్నవాళ్లు చెవిన పెడతారు.